ఇంట్లో పోగయ్యే ప్లాస్టిక్‌ను హైదరాబాద్‌లో ఎక్కడ అప్పగించాలి?

ప్రశ్న: తార్నాక వాసి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో తడి చెత్తనూ పొడి చెత్తనూ వేరు చేయడం చాలాకాలంగా అలవాటే. కూరగాయల తొక్కలు మేడ మీది కుండీలలో ఎరువవుతున్నాయి. దినపత్రికలు, అట్టపెట్టెలు, ఇనుప సామాను పాత సామాన్ల దుకాణం వారు తీసుకుంటున్నారు. నా చిక్కంతా ప్లాస్టిక్‌తోనే. పాల ప్యాకెట్లను కడిగి, ఆరబెట్టి ఒక సంచిలో వేస్తున్నాను. వాటితోపాటు నూనె ప్యాకెట్లు, షాంపూ సీసాలు, కర్రీ పాయింట్ నుండి తెచ్చిన డబ్బాలు, కొరియర్ కవర్లు, టూత్‌పేస్ట్ ట్యూబులు, పిల్లలు తిని పారేసే చిప్స్ ప్యాకెట్లు, మాత్రల అట్టలు, పగిలిన బకెట్టు వరండాలో ఒక మూల పేరుకుపోయాయి. పాత సామాన్లాయన నీళ్ళ సీసాలు, బకెట్టు వంటి గట్టి వస్తువులను ఏరుకొని, మిగిలినవి తన దగ్గర అమ్ముడుపోవని మర్యాదగానే చెప్పి వెళ్తున్నారు. ఆ మిగిలినవాటిని ఇంటింటికీ వచ్చి చెత్త తీసుకెళ్ళే స్వచ్ఛ ఆటోలో వేస్తే తడి చెత్తతో కలిసి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేరతాయేమోనని మనసొప్పడం లేదు.

నేనే స్వయంగా తీసుకెళ్ళి ఇవ్వగలిగే కేంద్రాలు నగరంలో ఉన్నాయా? ఉంటే, ఇంటికి దగ్గరగా ఉన్నదాన్ని ఎలా వెతకాలి? ఇచ్చిన తరువాత అది నిజంగా మళ్ళీ వాడకంలోకి వెళ్తున్నదని ఎలా తెలుసుకోవాలి? తెనాలి దగ్గర మా అత్తగారి ఊళ్ళో ఇదే ప్లాస్టిక్‌ను స్నానాల నీళ్ళు కాచే పొయ్యిలో వేసి కాలుస్తున్నారు. ఆ పొగ పీల్చేది ఇంట్లోని ముసలివాళ్ళూ పసివాళ్ళూ. అక్కడ ఏమి చేయవచ్చో కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: అల్వాల్ కాలనీ సంఘ సభ్యుడు

నమస్కారమండీ. మీరు వెతుకుతున్నవి ఉన్నాయి. నగరపాలక సంస్థ వాటిని పొడి వనరుల సేకరణ కేంద్రాలని పిలుస్తుంది. సిబ్బంది మాత్రం డీఆర్‌సీసీ అంటారు కాబట్టి మీరు కూడా ఆ పేరుతోనే అడగండి. ఇంటింటి నుండి వచ్చిన పొడి చెత్తను రకాలవారీగా ఏరి, మూటలు కట్టి, కొనేవారికి పంపే రేకుల షెడ్లివి. కొన్నిటిని స్వచ్ఛంద సంస్థలు నడుపుతాయి, కొన్నిటికి కంపెనీల తోడ్పాటు ఉంటుంది. నగరంలో కాలనీల నుండి పొడి చెత్తను సేకరించే కార్యక్రమాలలో ఐటీసీ సంస్థ వారి ‘వావ్’ ఒకటి.

వెతికే పద్ధతి గురించి నా అనుభవం చెబుతాను. ఫోనులోని మ్యాపులో రీసైక్లింగ్ అని కొడితే ఎక్కువగా లోహపు తుక్కు వ్యాపారులూ, పాత కంప్యూటర్లు కొనేవారూ కనిపిస్తారు. వంతెనల కిందో, పార్కుల వెనుకో ఉండే ఈ షెడ్లు అందులో దొరకడం అరుదు, దొరికినా అవి చోటు మారి ఉండవచ్చు. కచ్చితంగా తెలిసినవారు ఇద్దరు. ఒకరు మీ వార్డులో పారిశుద్ధ్య పనులు చూసే శానిటరీ జవాను, రెండవవారు మీ వీధికి వచ్చే ఆటో డ్రైవరు. జవాను ఉదయం పూట వీధుల్లోనే ఉంటారు, లేదంటే వార్డు ఆఫీసులో అడిగితే ఆయన నంబరు ఇస్తారు. పొడి చెత్త ఏ షెడ్డులో దిగుతున్నదో, బయటివారు నేరుగా తెచ్చి ఇస్తే తీసుకుంటారో లేదో, ఏ వేళకు తెరిచి ఉంటుందో ఆయనను అడగండి. మొదటిసారి సంచి లేకుండా ఊరికే వెళ్ళి చూసి రావడం మేలు. షెడ్డులో మూటలు రకాలవారీగా విడివిడిగా ఉన్నాయా, తూకాలు రాసే పుస్తకం ఉందా, ఏ రకాన్ని ఎవరికి అమ్ముతున్నారు అన్న మూడు సంగతులు చూస్తే, మీరు ఇచ్చింది ఎక్కడికి పోతుందో చాలావరకు అర్థమవుతుంది. ఏది ఎక్కడికి పోతుందో తడుముకోకుండా చెప్పగలిగిన చోట ధైర్యంగా ఇవ్వవచ్చు.

స్వచ్ఛ ఆటో గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2015లో ఈ ఆటోలు వచ్చినప్పటి నుండి పొడి చెత్తలో అమ్ముడుపోయే సరుకు డ్రైవరు కుటుంబానికి ఆదాయంలో ఒక భాగం. అందుచేత మీరు శుభ్రమైన ప్లాస్టిక్‌ను వేరే సంచిలో కట్టి ఆయన చేతికే ఇస్తే, దానిని తడి చెత్తలో కలపడం ఆయనకే నష్టం. ఆటో వెనుక భాగంలో విసిరేయడం వేరు, చేతికి ఇచ్చి లోపల ఏముందో చెప్పడం వేరు. చాలా ఇళ్ళకు ఇంతకంటే దగ్గరి కేంద్రం లేదు.

ఇక 2023 మే నెలలో కేంద్ర ప్రభుత్వ ప్రచార కార్యక్రమంలో భాగంగా తెరిచిన ఆర్‌ఆర్‌ఆర్ (రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్) కేంద్రాల సంగతి. అవి ప్రధానంగా ఇంకా పనికొచ్చే బట్టలు, పుస్తకాలు, బొమ్మలు, పాత్రలు ఇతరులకు అందేలా చూసేందుకు పెట్టినవి. ఖాళీ ప్యాకెట్లకు ముందుగా అక్కడికే వెళ్ళవద్దు.

జవాబు: కాటేదాన్‌లో ప్లాస్టిక్ పనిలో ఉన్నవాడిని

పై జవాబులో చెప్పిన దారి సరైనదే. నేను సరుకు వైపు నుండి చెబుతాను, ఎందుకంటే ఏ కేంద్రం ఏది తీసుకుంటుందన్నది ఆ సరుకు ఏ రకమన్నదాన్ని బట్టే ఉంటుంది. తార్నాక వారి వరండాలో ఉన్నది ఒక్క ప్లాస్టిక్ కాదు, కనీసం ఐదారు రకాలు. అవి కలిసి కరగవు. కలిపి ఇస్తే అన్నిటికీ విలువ పోతుంది.

డబ్బా అడుగున త్రికోణంలో ఒక అంకె ఉంటుంది, ముందుగా దాన్ని చూడండి. 1 అంటే పెట్, అంటే నీళ్ళ సీసాలు, కూల్‌డ్రింకు సీసాలు. 2 అంటే హెచ్‌డీపీఈ, అంటే షాంపూ సీసాలు, ఫినాయిల్ డబ్బాల వంటివి. 4 అంటే ఎల్‌డీపీఈ, మీ పాల ప్యాకెట్లూ బుడగల కవర్లూ ఈ జాతివే. 5 అంటే పీపీ, కర్రీ పాయింట్ డబ్బాలలో చాలావరకు ఇవే. ఈ నాలుగింటికీ నగరంలో కొనేవారున్నారు. భోలక్‌పూర్ తుక్కు వ్యాపారులకు, మా కాటేదాన్ రీసైక్లింగ్ యూనిట్లకు ఇది రోజువారీ సరుకు. పటాన్‌చెరు వైపు బన్యన్ నేషన్ వంటి సంస్థలు వాడేసిన ప్లాస్టిక్‌ను మళ్ళీ కొత్త వస్తువుల తయారీకి తగిన నాణ్యతకు తెస్తున్నాయి. 6 అంటే పాలీస్టైరీన్. థర్మోకోల్ ఈ రకమే. చోటెక్కువ, బరువు తక్కువ కాబట్టి రవాణా ఖర్చుకు భయపడి ఎవరూ ముట్టుకోరు.

3వ అంకె ఉన్న పీవీసీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మా దగ్గర సీసాలను ముక్కలు చేసి నీళ్ళ తొట్టిలో వేస్తారు. మూతల ముక్కలు పైకి తేలతాయి, పెట్ ముక్కలు అడుగుకు చేరతాయి. పైన తేలినవాటిని జల్లెడతో తీసివేస్తే పని సులువుగా అయిపోతుంది. పీవీసీ కూడా పెట్ లాగే మునుగుతుంది, కాబట్టి తొట్టి దాన్ని పట్టుకోలేదు. పెట్‌ను కరిగించే 260 డిగ్రీల దగ్గర పీవీసీ చెడిపోయి ఆమ్లపు ఆవిరి వదులుతుంది, కొద్దిపాటి ముక్కలున్నా మొత్తం సరుకు పసుపు తిరుగుతుంది. మాత్రల అట్టలలో చాలావాటి పారదర్శకమైన భాగం ఈ పీవీసీయే, వెనుక అల్యూమినియం రేకు. అందువల్ల మాత్రల అట్టలను ఎన్నడూ సీసాలలో కలపవద్దు.

పాల ప్యాకెట్ కత్తిరించేటప్పుడు మూలను పూర్తిగా తెంచకుండా, ప్యాకెట్‌కు అంటిపెట్టుకొని ఉండేలా సగం మాత్రం కత్తిరించండి. తెగిపోయిన ఆ చిన్న ముక్కను ఏ షెడ్డులోనూ ఎవరూ ఏరలేరు, అది కాలువలోకో మట్టిలోకో పోతుంది. కడిగిన ప్యాకెట్‌ను లోపలి వైపు బయటికి తిప్పి ఆరబెట్టడం మంచిది. పాల వాసన పట్టిన సరుకును ఎండాకాలంలో షెడ్డు వారు దగ్గరికే రానివ్వరు.

మరొక జాగ్రత్త. మట్టిలో కలిసిపోతాయని రాసి ఉన్న కంపోస్టబుల్ సంచులు చూడడానికి మామూలు కవర్లలాగే ఉంటాయి కానీ, పాల ప్యాకెట్ల మూటలో పడితే సరుకును పాడుచేస్తాయి. వాటిని ప్లాస్టిక్ సంచిలో వేయకండి.

తిరిగి తార్నాక వాసి

ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్నటి వరకు ఒకే సంచిలో ఉన్నవాటిని అంకె చూసి విడదీయడం మొదలుపెట్టాను. అయితే చిప్స్ ప్యాకెట్లు, టూత్‌పేస్ట్ ట్యూబుల మీద 7 అని ఉన్నది, కొన్నిటి మీద అసలు అంకే లేదు. వాటి సంగతి ఏమిటి? ఒక ఇంటి సరుకు ఎంతని? కిలో పాల ప్యాకెట్లు పోగవడానికే చాలా రోజులు పడుతుంది. అంత తక్కువకు ఎవరైనా తలుపు తీస్తారా?

జవాబు: కాటేదాన్‌లో ప్లాస్టిక్ పనిలో ఉన్నవాడిని

చిప్స్ ప్యాకెట్‌లో ప్లాస్టిక్ పొరల మధ్య పలుచని లోహపు పూత ఉంటుంది. టూత్‌పేస్ట్ ట్యూబులలో చాలావాటిదీ ఇలాంటి పొరల అమరికే. ఆ పొరలను విడదీయడం మా యూనిట్లలో సాధ్యం కాదు, అందుకే పాత సామాన్లాయన వద్దన్నారు. ఇలాంటివాటిని కొన్ని సేకరణ కేంద్రాలు మూటలు కట్టి సిమెంటు కర్మాగారాలకు పంపుతాయి. అక్కడి బట్టీలో సున్నపురాయి సుమారు 1,450 డిగ్రీల వరకు వేడెక్కుతుంది, అందులో బొగ్గుకు తోడుగా ఇవి మండుతాయి. ఇది మళ్ళీ వస్తువుగా మారడం కాదు, ఇంధనంగా ఖర్చు కావడం. అయినా చెత్త గుట్టల మీద ఆరుబయట పొగలు కక్కడం కంటే ఎంతో నయం. ఆ కేంద్రం వీటిని తీసుకుంటుందా అని ముందే అడగండి, తీసుకోనన్నచోట మిగతా సరుకుతో బలవంతంగా అంటగట్టవద్దు. నా మాటగా చెబుతున్నాను, ఈ రకానికి కేంద్రం వెతకడం కంటే కొనడం తగ్గించడమే సులభం. 2022 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్యాకింగ్ చేసి అమ్మే కంపెనీలే దాని సేకరణకు బాధ్యత వహించాలి, ఈ పొరల ప్యాకెట్లను అందులో విడి తరగతిగానే లెక్కించారు. కాబట్టి ఈ ప్యాకెట్ల గురించి ఆ కంపెనీలనూ ప్రశ్నించాలి.

జవాబు: అల్వాల్ కాలనీ సంఘ సభ్యుడు

తూకం తక్కువన్నది నిజమైన ఇబ్బందే. దానికి మందు పక్క ఇళ్ళే. మా అపార్ట్‌మెంటులో కింద పార్కింగ్ దగ్గర పెద్ద గోనెసంచులు వేలాడదీశాము. ఒకదాని మీద పాల ప్యాకెట్లు, ఒకదాని మీద సీసాలు, ఒకదాని మీద గట్టి డబ్బాలు అని రాసి, ప్రతిదానికీ నమూనాగా ఒక వస్తువును పైన దారంతో కట్టాము. రాసిన అక్షరాల కంటే ఆ వేలాడే వస్తువే బాగా పనిచేసింది, ఇళ్ళలో పనిచేసే అమ్మలు కూడా ఎవరినీ అడగకుండా సరిగ్గా వేస్తున్నారు. సంచులు నిండినప్పుడు కబురు పెడితే కొనేవారే బండి తెచ్చుకుంటారు. వచ్చిన డబ్బును వాచ్‌మన్‌కు ఇచ్చేయాలని మొదటి సమావేశంలోనే తీర్మానించాము, అందువల్ల సంచులను చూసుకునే మనిషి ఎవరన్న ప్రశ్న రాలేదు.

మీది పెద్ద గేటెడ్ కమ్యూనిటీ అయితే చట్టం కూడా మీ వైపే ఉంది. 5,000 చదరపు మీటర్లు దాటిన ఆవరణలు చెత్తను మూలం దగ్గరే వేరు చేసి, పనికొచ్చేదాన్ని అధీకృత సేకరణదారులకు గానీ రీసైక్లర్లకు గానీ అప్పగించాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. సంఘం సమావేశంలో ఈ సంగతి చెబితే వాదన త్వరగా తేలుతుంది.

జవాబు: బెంగళూరులో ఉంటున్న తెలుగువాడిని

ఇక్కడి పద్ధతి మీకు పనికివస్తుందేమోనని రాస్తున్నాను. బెంగళూరులో ఇంటికి రెండు బుట్టలు, ఒక సంచి అనే ఏర్పాటు ఉంది. ఆకుపచ్చ బుట్ట తడి చెత్తకు, ఎరుపు బుట్ట డైపర్ల వంటివాటికి, సంచి పొడి చెత్తకు. పౌరులే మొదలుపెట్టిన ఈ పద్ధతిని 2015 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు తప్పనిసరి చేసింది. వార్డులలోని పొడి చెత్త కేంద్రాలను చాలాచోట్ల ఒకప్పుడు వీధుల్లో చెత్త ఏరుకొని బతికినవారే నడుపుతున్నారు. ప్లాస్టిక్ రకాలను చేత్తో తడిమి చెప్పగల నేర్పు వారిది. మీ షెడ్డుకు వెళ్ళినప్పుడు పర్యవేక్షకునితో పాటు, కూర్చొని ఏరుతున్న ఆడవాళ్ళతోనూ మాట్లాడండి. ఏ ప్యాకెట్ ఏ మూటలో పడాలో వారి కంటే బాగా చెప్పగలవారు ఉండరు.

జవాబు: గుంటూరు జిల్లా నుండి

తెనాలి వైపు ఊళ్ళ గురించి అడిగారు. పంచాయతీలలో చెత్త నుండి సంపద తయారీ కేంద్రాలని కట్టిన షెడ్లున్నాయి. కొన్ని చక్కగా నడుస్తున్నాయి, కొన్నిటికి తాళం పడి ఉంది. మీ అత్తగారి ఊళ్ళో అది నడుస్తున్నదో లేదో పంచాయతీ కార్యదర్శిని గానీ, ఉదయం చెత్త సేకరణకు రిక్షా బండి తోసుకొచ్చే హరిత రాయబారిని గానీ అడిగితే తెలుస్తుంది. ఆరుబయట చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే నిషేధించి, మామూలుగా కాల్చేవారికి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. అయితే ఇంటి పొయ్యి దగ్గర జరిమానా మాట చెప్పి ప్రయోజనం లేదు. ఆ పొయ్యి పక్కనే ఒక గోనెసంచి పెట్టి, పండక్కి వెళ్ళినప్పుడల్లా మీరే దాన్ని తెనాలి పట్టణంలోని తుక్కు దుకాణంలో వేసి రండి. ప్లాస్టిక్ చేతికి అందకపోతే కొబ్బరి మట్టలే పొయ్యిలోకి పోతాయి.

తిరిగి తార్నాక వాసి

మంచి ఉపాయం. ఆ ఊరి నుండి వచ్చే బియ్యం సంచులు కూడా ప్లాస్టిక్ నేతవే కదా, వాటిని పాల ప్యాకెట్లతో కలపవచ్చునా?

జవాబు: కాటేదాన్‌లో ప్లాస్టిక్ పనిలో ఉన్నవాడిని

కలపకూడదు. అవి పీపీ నేత, పాల ప్యాకెట్లు ఎల్‌డీపీఈ. చిరగని బియ్యం సంచులను దులిపి, మడిచి, విడిగా కట్ట కట్టి ఉంచండి. దుకాణంలో వాటిని సంచులుగానే తిరిగి అమ్ముతారు, కాబట్టి కరిగించే అవసరమే రాదు. చిరిగినవి మాత్రం 5వ అంకె డబ్బాల పక్కన వేరే మూటగా ఇవ్వండి.