అప్‌డేట్: ఇనుప రథాల ప్రశ్న

నేను ఇంతకుముందు అడిగింది ఇది: దేవునికి సమస్తం సాధ్యమని మార్కు 10:27లో ఉంది. మరి న్యాయాధిపతులు 1:19లో యెహోవా తోడున్నా, ఇనుప రథాలున్న మైదానంవాళ్లను యూదావాళ్లు ఎందుకు వెళ్లగొట్టలేకపోయారు?

జవాబిచ్చిన అందరికీ వందనాలు. అన్నీ ప్రింట్ తీసి చిత్తూరులో మా బైబిల్ స్టడీకి పట్టుకెళ్లాను. "ఆయన తలంపులు మన తలంపులు కావు, అంతే" అన్న జవాబు మాత్రం నాకు సరిపోలేదు. ప్రతిదానికీ అదే చెబితే ఇక చదవడమెందుకు? పైగా యెషయా 55లో ఆ మాటకు ముందున్న వచనం క్షమాపణ గురించి. తిరిగివచ్చినవాణ్ణి ఆయన బహుగా క్షమిస్తాడని చెప్పాకే అది వస్తుంది.

పనికొచ్చింది వేరే జవాబు. ఇనుప రథాలున్నా కనానీయులను వెళ్లగొడతారని యెహోషువ 17:18లో యోసేపు వంశంవాళ్లకు ముందే మాట ఉంది. న్యాయాధిపతులు 4లో కనానీయుల సేనాపతి సీసెరాకు 900 ఇనుప రథాలున్నా చిత్తుగా ఓడిపోయాడు. కాబట్టి దేవునికి రథాలు అడ్డు కాదు. అసలు కారణం 2వ అధ్యాయంలో ఉంది: ఆ దేశస్థులతో నిబంధన చేసుకోవద్దంటే ఇశ్రాయేలీయులు వినలేదు, అందుకే ఆ దేశస్థులను వెళ్లగొట్టనని దేవుడన్నాడు.

పాస్టర్ గారు పూర్తిగా ఒప్పుకోలేదు. 1:19లో యూదా తప్పేమీ రాయలేదు కదా, తర్వాతి అధ్యాయాన్ని తెచ్చి ఇక్కడ అతికిస్తున్నామేమో అన్నారు. సబబైన మాటే. నాకైతే టెన్షన్ తగ్గింది, పూర్తిగా పోలేదు.

వచ్చేవారం మార్కు 6:5, నజరేతులో యేసు అద్భుతాలు చేయలేకపోయిన చోటు. కారణం పక్క వచనంలోనే ఉంది, వాళ్ల అవిశ్వాసం. గొడవ తక్కువే ఉంటుందనుకుంటున్నా.