పాత ఆటోమేటిక్ గేర్ బోర్డు: కెపాసిటర్లు మార్చితే చాలా, యూనిట్టే మార్చాలా?

వేళచ్చేరి_వాసి
అందరికీ నమస్కారం. 2001 మోడల్ ఆటోమేటిక్ కారు, 4 గేర్లు, నాన్న కొన్న బండి. పోయిన నెల నెల్లూరు నుంచి వస్తుంటే సూళ్లూరుపేట దాటాక డ్యాష్‌బోర్డు మీద గేరు చూపించే డీ లైటు టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది, గేరు మూడులో బిగుసుకుపోయింది. పక్కన ఆపి ఇంజిన్ కట్టేసి మళ్లీ వేస్తే కాసేపు బుద్ధిగా ఉంటుంది, తర్వాత మళ్లీ అదే కథ. షెడ్డులో చూపిస్తే గేర్ కంట్రోల్ యూనిట్ పోయింది, సెకండ్ హ్యాండ్ 18,000 అన్నారు.

పక్క సీటు ముందు కార్పెట్ ఎత్తి, గేర్లని నడిపించే ఆ డబ్బా నేనే విప్పాను. లోపల 47 మైక్రోఫారడ్, 50 వోల్టుల కెపాసిటర్లు రెండున్నాయి. వాటి కాళ్ల దగ్గర గోధుమరంగు జిగురు, సోల్డరింగ్ ఐరన్ తగలగానే గదంతా ఎండు చేపల వాసన. చెన్నై రిచీ స్ట్రీట్‌లో 105 డిగ్రీలవి నాలుగు తెచ్చి (80 రూపాయలు) రెండు వేశాను. పనిలో పనిగా కనెక్టర్ పిన్నులకి కూడా కొత్త సోల్డర్ పట్టించాను. 12 రోజులైంది, లైటు రాలేదు. వచ్చే వారం అమ్మానాన్నలతో తిరుమల వెళ్లాలి. దీన్ని నమ్మి కొండెక్కొచ్చా?

అంబత్తూరు_షెడ్డు
ఎక్కడానికేం, ఎక్కుతుంది. దిగేటప్పుడు మళ్లీ మూడులో బిగిస్తే? కొన్ని బండ్లలో అప్పుడు లివర్ 2లో పెట్టినా వినదు, బరువంతా బ్రేకుల మీదే. 22 ఏళ్లుగా ఆటోమేటిక్‌లే చేస్తున్నాను. బోర్డు రిపేరు చేసిన బండ్లు సగం తిరిగొస్తాయి. అసలు సొలినాయిడ్లు, అదే గేర్లు మార్చే కరెంటు వాల్వులు, కొలిచావా? అందులో ఒకటి షార్ట్ అయితే బోర్డులో దాన్ని నడిపే ట్రాన్సిస్టర్ కాలుతుంది. అది చూడకుండా ఎన్ని కెపాసిటర్లు మార్చినా దండగే.

వేళచ్చేరి_వాసి
కొలిచానన్నా. ఒకటి 14 ఓములు, ఒకటి 15. బానే ఉన్నాయి.

కరెంటు_కుర్రాడు
టాంటలం కెపాసిటర్ వేసేయ్ బ్రో. లోపల ద్రవం ఉండదు, జన్మలో ఎండిపోదు.

సోల్డర్_మామ
ఎండిపోదు, నిజమే. పోయేటప్పుడు మాత్రం షార్ట్ అయి పోతుంది, ఒక్కోసారి మంటతో. పవర్ లైన్ మీద అది పెట్టమని చెప్పకు నాయనా.

వాసిగారూ, మంచి పని చేశారు. కారిన ద్రవాన్ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగారా? అది రాగి ట్రాకుల్ని తింటుంది. కొత్త కెపాసిటర్ వేసినా దాని కింద తినడం ఆగదు.

నెల్లూరోడు
సెకండ్ హ్యాండ్ యూనిట్ గురించి నన్నడగండి. మా బావ పుదుపేట పాత సామాన్ల బజార్లో తెచ్చినాడు, 11,000. మూడు నెలలు తిరక్కముందే పోయింది. విప్పి చూస్తే పిన్నులన్నీ పచ్చగా చిలుం పట్టి ఉండాయి. 2015 వరదల్లో మునిగిన బండిది! కొట్టువాడు ఏమన్నాడో తెల్సా, "ఎండబెట్టే గదన్నా ఇచ్చింది" అన్నాడు.

అంబత్తూరు_షెడ్డు
చూసి కొనాలి. చూడ్డం రాకపోతే పుదుపేటది తప్పా? ఇక ఆ 105 డిగ్రీల మోజు ఏంటి? కార్పెట్ కింద డబ్బాకి 105 ఎక్కడి నుంచి వస్తుంది? ఫ్యాక్టరీవాడు 85దే వేశాడు, 20 ఏళ్లు ఆడింది.

సోల్డర్_మామ
105 అంటే అంత వేడి తగులుతుందని కాదన్నా, అది ఆయుష్షు లెక్క. దాని మీద 2,000 గంటలు అని ఉంటే 105 దగ్గర 2,000 అని. పది డిగ్రీలు తగ్గిన కొద్దీ దాదాపు రెట్టింపు. 65 డిగ్రీల దగ్గర 85దానికి 8,000 గంటలు వస్తే, 105దానికి 32,000 వస్తాయి.

అంబత్తూరు_షెడ్డు
8,000 చాలదా? రోజుకి రెండు గంటలు నడిపితే 4,000 రోజులు, పదకొండేళ్లు. ఆ బండి అన్నేళ్లు ఉంటుందా? 15 ఏళ్లు దాటిన కార్లకి రీ-రిజిస్ట్రేషన్ ఫీజే 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000కి పెంచారు.

సోల్డర్_మామ
నడిపే గంటలొక్కటే లెక్కేస్తే ఎలా? మే నెలలో ఎండలో పెట్టిన బండి లోపల చెయ్యి పెట్టి చూడండి. ఆపి ఉంచినా ఎండిపోతుంది.

అంబత్తూరు_షెడ్డు
డ్యాష్‌బోర్డు కాలుతుంది. కార్పెట్ కింద కాలదు. అక్కడ ఏసీ నీళ్లు కారతాయి, అది వేరే సంగతి.

పెరంబూరు_పద్మ
ఆయన అడిగింది కొండెక్కొచ్చా అని. మీరిద్దరూ థర్మామీటర్ పట్టుకుని కూర్చున్నారు.

అంబత్తూరు_షెడ్డు
సరే, అసలు మాటకి వస్తా. తమ్ముడూ, నీ బండికి చల్లగా ఉన్నప్పుడు లైటు వచ్చేదా, వేడెక్కాకా?

వేళచ్చేరి_వాసి
వేడెక్కాకే. పొద్దున ఏ గొడవా లేదు.

అంబత్తూరు_షెడ్డు
మరి! ఎండిపోయిన కెపాసిటర్ ముందు చల్లగా ఉన్నప్పుడే ఏడుస్తుంది, కాస్త వేడెక్కితే సర్దుకుంటుంది. వేడెక్కాక వచ్చేది మామూలుగా డ్రై సోల్డర్. పిన్ను చుట్టూ వెంట్రుకవాసి చీలిక, వేడికి విడిపోతుంది. నువ్వు రెండు పనులూ ఒకేసారి చేశావు. ఏది నయం చేసిందో నీకెలా తెలుసు? కెపాసిటర్ వల్లే బాగయిందని ఇక్కడ రాస్తావు, అది చదివి పదిమంది రెండు కెపాసిటర్లు మార్చి కొండెక్కుతారు.

వేళచ్చేరి_వాసి
కెపాసిటర్ కారింది, కళ్లతో చూశాను, ముక్కుతో వాసన చూశాను. ఇంకేం రుజువు కావాలి?

అంబత్తూరు_షెడ్డు
కారితే కారి ఉండొచ్చు. జబ్బు అదే అని ఎవరు చెప్పారు?

వేళచ్చేరి_వాసి
అన్నా, పన్నెండు రోజులుగా బండి నడుస్తోంది. మీ షెడ్డువాళ్లకి నడిచిన బండి కన్నా మార్చిన యూనిట్ మీదే ప్రేమ. విప్పి చూసే ఓపిక ఉండదు, స్కానర్‌లో కోడ్ రాగానే బిల్లు రాసేయడమే. ఇది రిపేరు కాదు, సామాన్ల వ్యాపారం.

నెల్లూరోడు
అబ్బ. పడింది.

అంబత్తూరు_షెడ్డు
తమ్ముడూ, మాట జాగ్రత్త. 2019లో ఒకాయన బండి, ఇదే జబ్బు. రెండు రోజులు భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను. పైన వార్నిష్ పూత గోకి, ఒక్కో పిన్ను కదిలించి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, చివరికి ఒక్క చీలిక పట్టాను. చుక్క సోల్డర్. బండి బాగయింది. 4,000 అడిగాను. "సీసం చుక్కకి నాలుగు వేలా" అని 500 నోటు టేబుల్ మీద పెట్టి వెళ్లాడు. ఆరు నెలలకి వేరే ఏదో పోయి, రాత్రి పదకొండింటికి తడ నుంచి ఫోన్: "నువ్వు చేసిన బోర్డేగా, వచ్చి తీసుకెళ్లు." టోయింగ్ డబ్బులు నావే. ఆ మర్నాటి నుంచి బోర్డు విప్పడం మానేశాను. యూనిట్ మారిస్తే 18,000 నోరెత్తకుండా ఇస్తారు. మెదడుకి మాత్రం ఇవ్వరు.

పెరంబూరు_పద్మ
ఇదన్నమాట అసలు గొడవ. మొదటి పోస్టులోనే చెప్పొచ్చు కదా అన్నయ్యా.

వేళచ్చేరి_వాసి
నేనూ ఒకటి చెప్పలేదు, సిగ్గేసి. యూనిట్ అనకముందు అదే షెడ్డులో గేర్‌బాక్స్ దింపారు. క్లచ్ ప్లేట్లు అరిగాయన్నారు, ఓవరాలింగ్ అన్నారు, 38,000 ఇచ్చాను. బండి తీసుకుని గిండీ దాకా వచ్చానో లేదో, అదే లైటు. తిరిగెళ్తే అప్పుడు యూనిట్ అన్నారు. నాన్న పెన్షన్ డబ్బులన్నా అవి. అందుకే విప్పాను. మీరని కాదు.

అంబత్తూరు_షెడ్డు
బోర్డు చూడకుండా గేర్‌బాక్స్ దింపినవాడు చేసింది తప్పే. కనెక్టర్ దగ్గర ఓములు కొలవడానికి పది నిమిషాలు పట్టదు. నేను వాణ్ని వెనకేసుకురాను.

వేళచ్చేరి_వాసి
ముందే "చూడ్డానికి ఇంత అవుతుంది" అని అడిగి ఉంటే సంతోషంగా ఇచ్చేవాణ్ని.

అంబత్తూరు_షెడ్డు
ఇచ్చేవాడివా? నీ మొదటి పోస్టు మళ్లీ చదువుకో. 80 రూపాయలు అని బ్రాకెట్లో రాసుకున్నావు. ఎన్ని రోజులు కూర్చున్నావు దాని మీద?

వేళచ్చేరి_వాసి
మూడు ఆదివారాలు.

అంబత్తూరు_షెడ్డు
వాటికి లెక్క కట్టలేదే?

కరెంటు_కుర్రాడు
టాంటలం గురించి ఎవరూ మాట్లాడరేంటి

సోల్డర్_మామ
కోపాలు తర్వాత. తీసేసిన కెపాసిటర్లు ఉన్నాయా, పారేశారా? ఉంటే ఎవరి దగ్గరైనా ఈఎస్ఆర్ మీటర్ (కెపాసిటర్ లోపలి నిరోధం కొలిచేది) తీసుకుని కొలవండి. కొత్తది మిగిలిందిగా, పక్కన పెట్టి చూడండి. రెండూ కొత్తదానిలాగే చూపిస్తే షెడ్డు అన్నగారి మాటే నిజం, మిమ్మల్ని కాపాడింది పిన్నుల సోల్డర్. చచ్చి ఉంటే అప్పుడు ఆలోచిద్దాం.

వేళచ్చేరి_వాసి
ఉన్నాయి, సాంబ్రాణి డబ్బాలో వేశాను. ఆఫీసులో మీటర్ ఉంది, రేపు చూస్తాను.

(మర్నాడు)

వేళచ్చేరి_వాసి
కొలిచాను. కొత్తది 0.7 ఓము. పాతవాటిలో ఒకటి 0.9. రెండోదానికి మీటర్ రీడింగే చూపించలేదు.

సోల్డర్_మామ
అంటే ఒకటి బతికే ఉంది, ఒకటి పూర్తిగా పోయింది.

అంబత్తూరు_షెడ్డు
పోయినది బోర్డులో ఎక్కడిది? కనెక్టర్ పక్కన పవర్ లైన్ మీదదా, లోపల ప్రాసెసర్ వైపుదా? పవర్ లైన్‌ది అయితే వోల్టేజీ ఊగి లైటు రావచ్చు, నీ మాట ఒప్పుకుంటా. లోపలిదైతే ఇంజిన్ వేసిన క్షణమే గొడవ చెయ్యాలి, గంట నడిచాక కాదు.

వేళచ్చేరి_వాసి
గుర్తులేదన్నా. రెండూ ఒకేలా ఉన్నాయి, ఒకే డబ్బాలో వేశాను.

అంబత్తూరు_షెడ్డు
శనివారం పొద్దున బండి తీసుకురా. గంట నడిపి, బోర్డు బయట పెట్టి హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి చూద్దాం. లైటు వస్తే కొండ మానుకో, బస్సులో వెళ్లండి. చూడ్డానికి 1,500 అవుతుంది. సామాను మార్చినా మార్చకపోయినా.

వేళచ్చేరి_వాసి
తొమ్మిదింటికి వస్తాను.