పొలుసులు పంచితేనే జట్టా? ‘రెయిన్‌బో ఫిష్’ రెండో తరగతికి చదవొచ్చా?

ఎంవీపీ టీచరు:
మార్కస్ ఫిస్టర్ బొమ్మల పుస్తకం (1992) చదవనివారికి కథ ఇదీ. ఒంటినిండా మెరిసే పొలుసులున్న చేపను చిన్న నీలి చేప ఒక్క పొలుసు అడుగుతుంది. ఇవ్వనంటుంది. అంతే, మిగతా చేపలు దాన్ని వెలివేస్తాయి. ఆక్టోపస్ సలహాతో పొలుసులు పంచేసి, ఒక్కటి మిగుల్చుకుని ఆటలో కలుస్తుంది. “ఇవ్వకపోతే నీతో పచ్చి” అనే వయసు పిల్లలకు ఇది వద్దని నా అభిప్రాయం.

గాజువాక పాఠకుడు:
మేడం, ఒకటి వదిలేశారు. నీలి చేప అడగకముందే మిగతావి ఆడుకుందాం రమ్మని పిలిచాయి. అదే పలక్కుండా దర్జాగా వెళ్లిపోయింది. ముందు దూరం పెట్టింది ఎవరు?

ఎంవీపీ టీచరు:
పలక్కపోవడం తప్పేనండి. మరి ఆక్టోపస్ “వెళ్లి పలకరించు” అనలేదే, పొలుసులు ఇమ్మంది. నా గొడవంతా అక్కడే.

కథల అక్క:
చదవండి, కానీ రెండుసార్లు. మొదటిరోజు ఆపకుండా. పిల్లల్ని అర్ధచంద్రంగా, దగ్గరగా కూర్చోబెట్టండి. పొలుసులకు మెరుపు రేకు అద్ది ఉంటుంది కాబట్టి ట్యూబ్‌లైట్ కింద పట్టుకుంటే వెనకవాళ్లకు తెల్లటి మెరుపు తప్ప బొమ్మ కనబడదు. పుస్తకాన్ని కాస్త కిందికి వంచండి.

రెండోరోజు చేప “ఇవ్వను” అన్నచోట ఆపండి. “నువ్వయితే ఇస్తావా?” అని మాత్రం అడగొద్దు. టీచరు మెప్పు కోసం అందరూ “ఇస్తాం” అంటారు, చర్చ అక్కడితో సరి. “ఇష్టం లేకపోతే ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?” అని అడగండి. తర్వాత “ఇవ్వనన్నందుకు ఆటలోంచి తీసేయొచ్చా?” అనండి. ఏడేళ్ల పిల్లలు దీనిమీద గట్టిగా వాదించుకుంటారు.

రేకు పొలుసులు చేసి ఒకరికొకరు పంచుకునే ఆట పెట్టకండి. లెక్కలు మొదలవుతాయి, నెమ్మదస్తుల చేతులు ఖాళీగా మిగిలిపోతాయి. చార్టు మీద ఒకే పెద్ద చేప గీసి, తలా ఒక పొలుసు అతికిస్తే చాలు.

పెదజాలరిపేట:
మా వైపు పిల్లలు ముందు అడిగేది వేరు: “పీకితే నొప్పెట్టదా?” దాటవేయకండి. పొలుసు మొదలు చర్మంలో దిగబడి ఉంటుంది. పీకితే అక్కడ గాయమవుతుంది, పైనున్న జిగురు పోయి క్రిములు చేరతాయి. మళ్లీ మొలుస్తుంది గానీ రోజులు పడుతుంది. బొమ్మ పంచుకోవడం వేరు, ఒంట్లోది పీకి ఇవ్వడం వేరు. తెలుగు పిల్లల్లో కలవాలని ఒడియా పిల్ల బడిలో ఒడియా మానేసిందనుకోండి, అది పొలుసు పీక్కోవడమే.

గాజువాక పాఠకుడు:
ఈ కోణం నాకు తట్టలేదు. అయినా పిలిస్తే పలకాలనే మాట వదలను.

ఎంవీపీ టీచరు:
ఒడియా మాటతో నేను సగం దిగొచ్చాను. అక్కా, “ఇవ్వను” దగ్గర ఆపినప్పుడే ఈ నొప్పి ప్రశ్న కూడా వేయొచ్చా, లేక మూడోరోజుకు ఉంచాలా?

కథల అక్క:
మూడోరోజుకే. ఒకేరోజు రెండూ పెడితే పిల్లలు గాయం దగ్గరే ఆగిపోతారు.