లిబ్రేఆఫీస్ తీసేసి మళ్లీ వేసినా పాత జబ్బు పోవడం లేదు

కడప దస్తావేజు లేఖరి:
ఉబుంటు సిస్టమ్ ఉన్న కంప్యూటర్‌లో, లిబ్రేఆఫీస్‌లోని రైటర్ మీద దస్తావేజులు రాస్తాను. మొన్న పని మధ్యలో కరెంటు పోయింది. అప్పటి నుంచి రైటర్ తెరుచుకున్న వెంటనే మూసుకుపోతోంది. సాఫ్ట్‌వేర్ వేసి తీసే ఆప్ట్ అనే ఆదేశంతో రిమూవ్ చేసి మళ్లీ వేశాను, తర్వాత సెట్టింగులనూ తీసేసే ఆప్ట్ పర్జ్ కూడా చేశాను. తేడా లేదు.

హోమ్ ఫోల్డర్‌లో మిగిలిన ఫైళ్లు కూడా తుడిచేయమని పక్క షాపు అబ్బాయి అంటున్నాడు. నా భయం అక్కడే. "హద్" అని కొట్టి ఎఫ్3 నొక్కితే తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం నాలుగు వరసలూ ఖాళీలతో సహా వచ్చి పడతాయి. ఏళ్ల తరబడి దిద్దుకున్న ఆటోటెక్స్ట్ అది. చెన్నూరు, వల్లూరు, సిద్ధవటం చుట్టుపక్కల పల్లెల పేర్లన్నీ రైటర్ అక్షరదోషాలు చూసుకునే నిఘంటువులో చేర్చుకున్నాను. ఊరి పేరులో అక్షరం తప్పితే రైతు మళ్లీ సవరణ దస్తావేజు రాయించుకోవాలి. అవి పోకుండా దారి చెప్పండి.

అనంతపురం ల్యాబ్:
అన్నా, ఏదీ తుడిచేయకండి. మీరు దాచుకున్న మాటలు క్షేమంగానే ఉన్నాయి, జబ్బూ వాటి పక్కనే ఉంది. పర్జ్ తీసేది ఈటీసీ అనే సిస్టమ్ ఫోల్డర్‌లాంటి చోట్ల ఉండే సిస్టమ్ సెట్టింగులనే, ఎవరి హోమ్ ఫోల్డర్ జోలికీ పోదు. మా ల్యాబ్‌లో ఒక్కో కంప్యూటర్‌ను నలుగురు విద్యార్థులు వాడతారు. నేను ఒక సాఫ్ట్‌వేర్ తీసేస్తే వాళ్లు దాచుకున్నవన్నీ పోవడం అన్యాయం కదా.

రైటర్ మూసి, హోమ్ ఫోల్డర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కండి. చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు కనిపిస్తాయి. డాట్ కాన్ఫిగ్‌లోని లిబ్రేఆఫీస్ ఫోల్డర్‌కు పేరు మార్చండి, అంతే. రైటర్ మళ్లీ తెరిస్తే కొత్త ఫోల్డర్ పుడుతుంది. రైటర్ మూసేసి, పాతదానిలో 4 అనే ఫోల్డర్, అందులో యూజర్ అనే ఫోల్డర్ తెరవండి. ఆటోటెక్స్ట్, మీ నిఘంటువు ఉండే వర్డ్‌బుక్ ఫోల్డర్లను కొత్తదానిలో అదే చోటికి కాపీ చేయండి. సెట్టింగులు ఉండే రిజిస్ట్రీమాడిఫికేషన్స్ ఫైలును మాత్రం తేకండి. కరెంటు పోయినప్పుడు చెడింది అదేనని నా అనుమానం.

కర్నూలు పాఠకుడు:
ఆప్ట్‌తో వేశారు కాబట్టి బతికిపోయారు. సాఫ్ట్‌వేర్ వేసే ఇంకో పద్ధతి స్నాప్ ఉంది, దానితో వేసినదాన్ని తీసేస్తే హోమ్‌లోని దాని డేటా కూడా పోతుంది. మామూలుగా తీసేముందు ఒక స్నాప్‌షాట్, అంటే ఆ డేటా నకలు, దాచి 31 రోజులు ఉంచుతుంది, పర్జ్ జోడిస్తే అదీ ఉండదు. నాకు ఆ సంగతి నలభయ్యో రోజున తెలిసింది. నా బుక్‌మార్కులన్నీ పోయాయి.

కడప దస్తావేజు లేఖరి:
పేరు మార్చగానే రైటర్ మూసుకుపోకుండా నిలబడింది. కాపీ చేశాక "హద్" కొట్టాను, నాలుగు దిక్కులూ వచ్చాయి. వర్డ్‌బుక్‌లోని స్టాండర్డ్ ఫైలును తెరిచి చూస్తే వరసకో ఊరు, ఒక్కటీ పోలేదు. పాత ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో దాచాను. మీ ఇద్దరికీ నమస్కారం. సిద్ధవటం నుంచి వచ్చినవాళ్లు పొద్దుటి నుంచి కూర్చుని ఉన్నారు, వాళ్ల పని మొదలుపెడతాను.