90 × 100 బొంత: ఇంటి ఎంబ్రాయిడరీ మెషిన్ మీద కుట్టొచ్చా, లాంగ్ ఆర్మ్‌కి ఇచ్చెయ్యాలా?

దారపుండ (డాలస్)

అమ్మ పాత మంగళగిరి, వెంకటగిరి చీరలు ముక్కలు కోసి క్వీన్ సైజు బొంతకి పై పొర కుట్టేశాను. కొలత 90 × 100 అంగుళాలు. దూది షీటు, కింద వేసే అస్తరు గుడ్డ తెచ్చిపెట్టుకున్నాను. ఇక మిగిలింది మూడు పొరల్నీ కలిపి కుట్టడమే, పేచీ అంతా అక్కడే వచ్చింది. ఇంట్లో ఎంబ్రాయిడరీ మెషిన్ ఉంది, దాని పెద్ద హూప్ (గుడ్డని బిగించే చట్రం) 8 × 12 అంగుళాలు. హూప్ జరుపుకుంటూ, ఒక డిజైన్ చివర ఇంకో డిజైన్ అతికించుకుంటూ ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పోవచ్చని, అలా కింగ్ సైజు కూడా చేశామని ఇక్కడి క్విల్టింగ్ గ్రూపులో కొందరు చెప్తున్నారు. మిగతావాళ్ళేమో "అది తువ్వాళ్ళ మీద పేర్లు కుట్టుకునే మెషిన్, దాంతో ఇంత పెద్దది పెట్టుకోకు, లాంగ్ ఆర్మ్ (బొంతలు కుట్టే పెద్ద మెషిన్) ఉన్నవాళ్ళకి ఇచ్చెయ్" అంటున్నారు. డబ్బు ఒక్కటే కాదు నా బాధ, అమ్మ చీరలు తీసుకెళ్ళి ఎవరికో అప్పజెప్పాలంటే మనసొప్పడం లేదు. చేసినవాళ్ళూ చెప్పండి, మొదలుపెట్టి మానేసినవాళ్ళూ చెప్పండి.

సూదిపోటు (న్యూజెర్సీ)

వద్దండి. లాంగ్ ఆర్మ్‌లో బొంత రోలర్ల మీద బిగుతుగా పరుచుకుని ఉంటుంది, మెషిన్ తల పట్టాల మీద తిరుగుతుంది. ఎంబ్రాయిడరీ మెషిన్‌లో తల కదలదు, గుడ్డే కదలాలి. ఆ గుడ్డని లాగేది హూప్ తగిలించే చేతిలో ఉన్న చిన్న మోటారు. దానికి రెండు మూడు కిలోల బొంత తగిలించడమంటే దూడకి అరక కట్టడమే. ఒక మూల బల్ల అంచు మీంచి కిందికి వేలాడితే చాలు, హూప్ చేరాల్సిన చోటికి చేరకుండా ఓ మిల్లీమీటరు ముందే ఆగుతుంది. ఒక్క డిజైన్‌లో అది ఎవరికీ కనపడదు. కానీ మీ తర్వాతి డిజైన్ మొదలయ్యేది దీని చివర్నుంచే కదా, ఆ తేడా పక్కదానికి, దాని పక్కదానికి చేరుతూ పోయి, ఐదో వరసకి వచ్చేసరికి తీగలు తీగలకి అందవు.

ఖర్చు సంగతి కూడా చూసుకోండి. ఇక్కడ అంచు నుంచి అంచుకి మామూలు డిజైన్ అయితే చదరపు అంగుళానికి రెండు మూడు సెంట్లు తీసుకుంటారు. మీది 9,000 చదరపు అంగుళాలు, అంటే 180 నుంచి 270 డాలర్లు. అంత డబ్బు మిగుల్చుకోవడానికి వారాంతాలన్నీ హూప్ బిగించుకుంటూ కూర్చుంటారా?

మూడుపొరలు (హ్యూస్టన్)

సూదిపోటు గారు చెప్పిన బరువు సంగతి నిజమే. కానీ అది మెషిన్ తప్పు కాదు, బల్ల తప్పు. బొంత బరువు హూప్ మీద పడకూడదు, అంతే. మెషిన్‌కి ఎడమ పక్కన ఓ బల్ల, వెనక ఇంకో బల్ల, రెండూ మెషిన్ ఎత్తులోనే ఉండాలి. బొంతని చాపలా చుట్టకుండా హూప్ చుట్టూ వదులుగా పోగేసి పెట్టాలి, హూప్ ఎటు వెళ్ళినా గుడ్డ దానికి అందాలి. ఇస్త్రీ బల్ల ఎత్తు మార్చుకోవచ్చు కాబట్టి చాలామంది దాన్నే పక్కన పెట్టుకుంటారు. మొదటి రెండు వరసలు మాత్రం దగ్గర కూర్చుని చేత్తో సర్దుతూ ఉండాలి. బటన్ నొక్కి వంటింట్లోకి వెళ్ళిపోయే పని కాదిది. అలా వెళ్ళినవాళ్ళే ఈ మెషిన్ పనికిరాదని ప్రచారం చేస్తుంటారు.

ఇక అతుకుల సంగతి. పాత డిజైన్ చివర చూసి కొత్తది మొదలుపెడితే తేడా పెరుగుతూ పోతుంది, అందులో అనుమానం లేదు. అందుకే చివర చూసి పెట్టకూడదు. నీళ్ళతో పోయే పెన్నుతో బొంత మొత్తం మీద ముందే గళ్ళు గీసుకోవాలి, ప్రతి డిజైన్ మధ్య బిందువుని ఆ గడి మధ్య బిందువు మీదే కూర్చోబెట్టాలి. డిజైన్‌ని అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి పరిచి చూసుకోవాలి, చక్రం చేత్తో తిప్పి సూది దించి మధ్య గుర్తు మీద పడిందో లేదో చూసుకున్నాకే బటన్ నొక్కాలి. అప్పుడు ఒకచోట మిల్లీమీటరు తప్పినా అక్కడితో ఆగిపోతుంది, పక్క గడికి పాకదు. ఖరీదైన మెషిన్లలో కెమెరా, ప్రొజెక్టర్ ఉండి ఈ పని అవే చేసిపెడతాయి. లేనివాళ్ళకి కాగితం చాలు.

ఇస్త్రీ వేడికి చెరిగే ఫ్రిక్షన్ పెన్నులు మాత్రం వాడొద్దు. చలికి ఆ గీత మళ్ళీ తేలుతుంది.

లెక్కలమాస్టారు (హైదరాబాద్)

మా ఆవిడ కుడుతుంది, నేను హూప్‌కి మరలు బిగిస్తాను, ఆ అర్హతతో మాట్లాడుతున్నాను. 8 × 12 హూప్‌ని 90 × 100 మీద ఎలా పేర్చినా, ఎనిమిది అటు పదమూడు ఇటు పెట్టినా, కనీసం 104 సార్లు హూప్ మార్చాలి. తేలిక డిజైన్ కుట్టడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. హూప్ విప్పడం, మూడు పొరలూ ముడతలు లేకుండా బిగించడం, గుర్తు చూసుకోవడం, అసలు టైమంతా దానికే. ఒక్కో దానికి పది నిమిషాలు వేసుకున్నా 17 గంటల పైమాట. అదే 5 × 7 హూప్ అయితే 250 దాటుతుంది, దానికి నేను మరలు బిగించను. 9.5 × 14 ఉన్న పెద్ద మెషిన్ మీద 80 సార్లతో పోతుంది.

దూది మందంగా ఉంటే మర హూప్ సరిగ్గా పట్టదు, పట్టించినా చేతులు నొప్పి పుడతాయి, గుడ్డ మీద హూప్ అచ్చు పడుతుంది. అయస్కాంతం హూప్ కొనుక్కుంటే సగం టెన్షన్ పోతుంది. మీ మెషిన్ మోడల్‌కి సరిపోయేదే తీసుకోండి.

పాతచీర (తెనాలి)

అందరూ కుట్టొచ్చా కుట్టలేమా అనే కొట్టుకుంటున్నారు. కుట్టాలా అని ఒక్కరూ అడగరేం? అమ్మ చీరలమ్మా అవి. మా వైపు బొంతలు కుట్టే ఆడవాళ్ళు వీధిలోకి వస్తే పాత చీరలు ఇచ్చేవాళ్ళం, అరుగు మీద పొరలు పొరలుగా పరిచి, అంచు నుంచి లోపలికి వరసలుగా చేత్తోనే కుట్టి ఇచ్చేవాళ్ళు. వాళ్ళ కుట్టు వంకరగా ఉండేది, ఆ వంకరే అందం. కంప్యూటర్ డిజైన్ ఎక్కించి, మెషిన్ దానంతటదే కుట్టుకుపోతుంటే పక్కన కూర్చుని చూస్తూ, పూర్తయ్యాక "నేను కుట్టాను" అనడం నాకెందుకో మింగుడుపడదు.

చేత్తో పెద్ద కుట్టు వేసుకోవచ్చు కదా. 8 నంబరు పెర్ల్ కాటన్ (మందపాటి నూలు దారం) బంతులు తెచ్చుకుని రాత్రిపూట టీవీ ముందు కూర్చుంటే చాలు. దూది ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది, కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎంత దూరం వదలొచ్చో. చాలా రకాలకి ఎనిమిది, పది అంగుళాలదాకా వదలొచ్చు. ఇంచించుకీ కుట్టక్కర్లేదు.

సూదిపోటు (న్యూజెర్సీ)

పాతచీర గారు అన్నది నిజం. ఎంబ్రాయిడరీ మెషిన్ మీద చేసేది క్విల్టింగ్ కాదు, ప్రింటింగ్.

మూడుపొరలు (హ్యూస్టన్)

అదిగో, అక్కడికే వస్తారని తెలుసు. సూదిపోటు గారూ, మీరు పంపించే లాంగ్ ఆర్మ్ ఆవిడ దగ్గర ఏముంది? చాలామంది దగ్గర ఉన్నది కంప్యూటర్ లాంగ్ ఆర్మే. ఆవిడ కూడా డిజైన్ ఎక్కించి బటనే నొక్కుతుంది. ఆవిడ నొక్కితే కళ, నేను నొక్కితే ప్రింటింగా? చేత్తో కుట్టేవాళ్ళు ఈ మాటంటే వింటాను, పాతచీర గారికి ఆ హక్కుంది. బొంత బయటికిచ్చి కుట్టించుకునేవాళ్ళు అంటే మాత్రం వినను.

ఈ గొడవ కొత్తదేం కాదు. కెంటకీలోని పడూకా ఊళ్ళో అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ జరిపే ప్రదర్శనలో 1989లో కారల్ బ్రయర్ ఫాలర్ట్‌కి అగ్ర బహుమతి వచ్చింది. మెషిన్ మీద క్విల్టింగ్ చేసిన బొంతకి అక్కడ ఆ బహుమతి రావడం అదే మొదలు. చేతి కుట్టు కాకపోతే బొంతే కాదన్నవాళ్ళు అప్పుడూ గోల పెట్టారు. ఇప్పుడు అదే ప్రదర్శనలో చేతి కుట్టుకి ఒక విభాగం, కదలని మెషిన్‌కి ఒకటి, పట్టాల మీద కదిలే మెషిన్‌కి ఒకటి వేరువేరుగా ఉన్నాయి. అప్పట్లో ఇంటి మెషిన్‌ని తిట్టిన నోళ్ళే ఇప్పుడు ఎంబ్రాయిడరీ మెషిన్ మీద పడ్డాయి.

పాతచీర (తెనాలి)

నేను తిట్టలేదమ్మా. నాకు మింగుడుపడదన్నాను, రెండూ ఒకటి కాదు.

కచ్చాకుట్టు (హైదరాబాద్)

బొటీక్ నడుపుతాను, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ రోజూ చేసే పనే. డాలస్‌లో లాంగ్ ఆర్మ్ వాళ్ళు దొరుకుతారేమో, ఇక్కడ ఆ సేవ దొరకబుచ్చుకోవడమే కష్టం, కాబట్టి మాకు ఈ చర్చ వేరు. ఉన్న మెషిన్‌తో ఎలా లాక్కురావాలా అన్నదే మా ప్రశ్న.

ముందు డిజైన్ గురించి ఎవరూ చెప్పలేదు. బ్లౌజుల మీద వేసే నిండు డిజైన్లు బొంత మీద వెయ్యకండి. శాటిన్ కుట్టు, నింపుడు కుట్టు పడినచోట దూది నొక్కుకుపోయి గట్టిపడుతుంది, కప్పుకుంటే ఒంటికి గుచ్చుకుంటుంది. ఒంటి గీతతో పోయే రన్నింగ్ స్టిచ్ డిజైన్ కావాలి, కుట్టు పొడవు రెండున్నర, మూడు మిల్లీమీటర్లు. మొదలూ చివరా అంచుల్లోనే ఉండేది చూసుకోవాలి, మధ్యలో దారం కత్తిరించేది అసలు వద్దు.

బాబిన్‌లో ఎంబ్రాయిడరీకి వాడే సన్న తెల్ల దారం తీసెయ్యండి. బ్లౌజు లోపలి వైపు ఎవరూ చూడరు, బొంతకి రెండు వైపులా ముఖమే. పైన ఏ దారమో కిందా అదే, రంగు కూడా అదే పెట్టుకుంటే దారం బిగువు కాస్త అటూ ఇటూ అయినా చుక్కలు కనపడవు. డిజైన్ మధ్యలో బాబిన్ అయిపోతే ఏడుపొస్తుంది, పది పదిహేను ముందే చుట్టి పెట్టుకోండి. సూది 75 వద్దు, 90/14 వెయ్యండి. వెనక స్టెబిలైజర్ (గుడ్డ ముడత పడకుండా వేసే గట్టి పొర) అక్కర్లేదు, దూదే ఆ పని చేస్తుంది.

పాత నేత చీరలన్నారు కాబట్టి అడుగుతున్నాను, ముక్కల వెనక పల్చటి పేస్టింగ్ (ఇస్త్రీతో అతుక్కునే గుడ్డ) వేశారా? నలిగిన నూలు మీద సూది పోటు ఎక్కువైతే ఉతికినప్పుడు అక్కడే చిరుగుతుంది. మంగళగిరి అంచుల్లో జరీ ఉంటుంది, దాని మీద మెషిన్ వేగం తగ్గించకపోతే పై దారం పీచుపీచవుతుంది.

నా మాటేమిటంటే, 90 × 100 మొత్తం ఒకేసారి హూప్‌లో పెట్టడం చేతనైనా చెయ్యను. ఒక్కో గడిని విడిగా, దాని దూదీ దాని అస్తరుతో సహా హూప్‌లో పెట్టి కుట్టేసి, అన్నీ అయ్యాక మధ్యలో పట్టీలు వేసి కలుపుతాను. బరువు గొడవ లేదు, బల్లలక్కర్లేదు, ఒక గడి చెడితే ఆ ఒక్కటే పోతుంది.

దారపుండ (డాలస్)

పేస్టింగ్ వేశానండి, అన్ని ముక్కలకీ. జరీ అంచులు చాలావరకు కోసి పక్కన పెట్టాను, నాలుగైదు చోట్ల మాత్రం కావాలనే ఉంచాను. గడులుగా విడివిడిగా చెయ్యడం బాగానే ఉంది కానీ నా పై పొర ఇప్పటికే మొత్తం ఒకటిగా కుట్టేసి ఉంది, ఇప్పుడు విప్పలేను.

పాతచీర గారూ, మీ మాట మనసులో తిరుగుతూనే ఉంది. కానీ నాకు బొటనవేలి కీలు నొప్పి ఉంది, మూడు పొరల్లోంచి చేత్తో సూది లాగడం నావల్ల కాదు.

పాతచీర (తెనాలి)

అయ్యో, అది ముందే చెప్పాల్సింది కదమ్మా. అయితే మెషిన్ మీదే కుట్టుకో. చుట్టూ అంచుకి బైండింగ్ మాత్రం కొంచెం కొంచెంగా చేత్తో వేసుకో, అక్కడ పొరలు మడత దగ్గరే ఉంటాయి, సూదిని బలంగా లాగక్కర్లేదు.

సూదిపోటు (న్యూజెర్సీ)

ఇంకా వద్దనే అంటాను. కనీసం మీ పేస్టింగ్, మీ దూది, మీ దారంతోనే 30 × 40 ఊయల బొంత ఒకటి చేసి చూడండి. అందులో నాలుగు అతుకులు సరిగ్గా కలిస్తే నేను నోరు మూసుకుంటాను.

మూడుపొరలు (హ్యూస్టన్)

ఊయల బొంతలో బరువే ఉండదు, నాలుగు కాదు నలభై అతుకులు కలుస్తాయి. దానివల్ల హూప్ బిగించడం అలవాటవుతుంది గానీ పెద్దదాని సంగతి తెలియదు. సూదిపోటు గారు సరైన పరీక్షే చెప్పడం లేదు.

దారపుండ గారూ, పెద్దదాన్నే ఇలా మొదలుపెట్టండి. మూడు పొరలూ నేల మీద పరిచి, బెత్తెడుకొకటి చొప్పున పిన్నులు పెట్టండి, లేదా జిగురు స్ప్రే కొట్టి పైన కచ్చా కుట్లు వెయ్యండి. అస్తరూ దూదీ నాలుగు వైపులా మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ ఉండాలి, లేకపోతే అంచుల దగ్గర హూప్‌కి పట్టు దొరకదు. కుడి అంచు నుంచి మొదలుపెట్టి మధ్యదాకా రండి, అప్పుడు బొంతలో ఎక్కువ భాగం ఎడమ పక్క బల్ల మీదే ఉంటుంది, మెషిన్ గొంతులో (సూదికీ కుడి పక్క స్తంభానికీ మధ్య ఖాళీలో) ఇరుక్కోదు. మధ్యకి వచ్చాక బొంతని మొత్తం తిప్పేసి, డిజైన్‌ని కూడా 180 డిగ్రీలు తిప్పి, రెండో అంచు నుంచి మళ్ళీ మధ్యకి రండి. సగానికి మించి గొంతులోంచి దూర్చాల్సిన పని ఎప్పుడూ రాదు.

లెక్కలమాస్టారు (హైదరాబాద్)

రెండు వైపుల నుంచి వస్తే మధ్యలో కలిసే వరస ఎవరు చూసుకుంటారు? పొరలు కొంచెం జరిగి ఉంటే తేడా అంతా అక్కడే తేలుతుంది.

మూడుపొరలు (హ్యూస్టన్)

అందుకే గళ్ళు బొంత మధ్య గీత నుంచి రెండు వైపులకీ గీసుకోవాలి, అంచు నుంచి కాదు. మధ్య వరసకి వచ్చేసరికి పావు అంగుళం తేడా ఉంటే కాగితం ప్రింటు పరిచి, ఆ ఒక్క వరస డిజైన్ సైజు ఒకటి రెండు శాతం పెంచో తగ్గించో సర్దుకోవచ్చు. ఆకులూ తీగలూ ఉన్న డిజైన్ అయితే ఎవరికీ కనపడదు. గళ్ళు, చతురస్రాల డిజైన్ ఎంచుకుంటే మాత్రం దొరికిపోతారు.

దారపుండ (డాలస్)

తీగల డిజైనే కొన్నానండి. అస్తరు 98 × 108 ఉంది, అంటే ఒక్కో పక్క నాలుగంగుళాలు మిగులుతుంది. ఈ శనివారం నేల మీద పరుస్తాను. సూదిపోటు గారు చెప్పిన ఊయల బొంత కూడా కుడతాను, మా చెల్లెలికి ఎలాగూ కావాలి. 90/14 సూదుల్లో టాప్‌స్టిచ్ అని ఒకటి, క్విల్టింగ్ అని ఒకటి ఉన్నాయి, ఏది తీసుకోను?

కచ్చాకుట్టు (హైదరాబాద్)

టాప్‌స్టిచ్. కన్ను పెద్దది, ఎంబ్రాయిడరీ దారం చిట్లదు. ప్యాకెట్ ఒకటి కాదు, రెండు తీసుకోండి.