200 కాపీలు తీశాక స్క్రీన్ కడిగేయడం న్యాయమేనా?

అమలాపురం కుర్రాడు
స్ట్రీట్ ఆర్ట్ స్క్రీన్ ప్రింట్లు (జాలీ గుడ్డలోంచి రంగు దింపి కొట్టే బొమ్మలు) కొని దాచుకుంటాను. పాత చవక కామిక్స్ తరహావంటే, అదే పల్ప్ అంటారే, అవంటే మరీ ఇష్టం: కన్నీళ్లు పెట్టుకున్న అమ్మాయి, పేలుతున్న కారు, పసుపు గడిలో ఒక్క మాట. పోయిన నెల ఒకటి తెప్పించాను. ఐదు రంగులు, కింద పెన్సిల్‌తో 87/200 (అంటే 200 కాపీల్లో 87వది), పక్కన సంతకం. కస్టమ్స్‌తో కలిపి 31 వేలైంది. మా బావ చూసి, "శుభలేఖలు కూడా ఇలాగే కొడతారు కదా బామ్మర్దీ, దీనికి ఇంత పోశావా?" అన్నాడు. అది పట్టించుకోలేదు. ఆ తర్వాత అడిగింది మాత్రం గుచ్చుకుంది: "200 అయ్యాక స్క్రీన్ మీది అచ్చు కడిగేస్తారంటున్నావు, ఇంకో వెయ్యి కొడితే బొమ్మ పాడైపోతుందా?" నా వరకు 200 అంటే కళాకారుడు ఇచ్చిన మాట. మీరేమంటారు?

తణుకు స్క్రీన్ షాపు
తమ్ముడూ, ఇరవై రెండేళ్లుగా నా పని ఇదే. శుభలేఖలు, స్వీట్ డబ్బాలు, గుడ్డ సంచులు. మీ బావగారికి జవాబు నేను చెబుతాను: వెయ్యి కొట్టినా ఏమీ కాదు. ఒకే స్క్రీన్ మీద మేం రెండు మూడు వేల కార్డులు తీస్తాం. రాగి రేకు మీద సూదితో గీసి అచ్చు తీసే పద్ధతి ఉంది. అందులో గీత అంచు త్వరగా అరిగిపోతుంది, బాగా వచ్చేవి కొన్నే. అక్కడ నంబరు వేయడంలో అర్థం ఉంది. స్క్రీన్‌కి ఆ ఇబ్బంది లేదు. 200 అన్నది వాళ్లంతట వాళ్లు పెట్టుకున్న గీత.

అలాగని శుభలేఖతో పోల్చొద్దండి. ఐదు రంగులంటే ఒక్కో కాగితం ఐదుసార్లు స్క్వీజీ (రంగు లాగే రబ్బరు పట్టీ) కిందకి వెళ్లాలి, ప్రతిసారీ అదే చోట కూర్చోవాలి. మన దగ్గర శ్రావణ మాసంలో తేమకి కాగితం సాగుతుంది. పొద్దున ఎరుపు కొట్టి సాయంత్రం నలుపు కొడితే పెదవి అంచున వెంట్రుకంత తెల్ల సందు కనబడుతుంది. ఒక కేలండర్ పనిలో 400 కాగితాలకి 60 అలాగే పారేశాను. మీ ప్రింట్‌ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకోండి. నలుపు గీతలు ఎత్తుగా మెరుస్తాయి. పత్రికలు కొట్టే ఆఫ్‌సెట్‌ మిషన్లో ఆ ఎత్తు రాదు.

రాజమండ్రి
పనితనం గురించి నాకు పేచీ లేదు. కానీ పల్ప్ అన్న పేరే చవక కాగితం వల్ల వచ్చింది. అమెరికాలో 1940, 50ల్లో కామిక్ పుస్తకం పది సెంట్లు. ఇక వీధి గోడ మీది బొమ్మ దారిన పోయే అందరిదీ. ఈ రెండింటి నుంచి పుట్టిన దాన్ని 200 మందికే ఇస్తామనడం నాకు మింగుడుపడదు. అమెరికా చిత్రకారుడు లిక్టెన్‌స్టీన్ 1963లో వేసిన 'వామ్!' లండన్ టేట్‌ మ్యూజియంలో ఉంది. దానికి మూలం 1962 నాటి యుద్ధం కామిక్‌లో అర్వ్ నోవిక్ గీసిన గడి. లిక్టెన్‌స్టీన్ పేరు తెలిసినవాళ్లలో నోవిక్ పేరు ఎంతమంది విన్నారు?

మన నరసాపురంలో పుట్టిన బాపుగారి బొమ్మ వారపత్రికల్లో ఇంటింటికీ వచ్చేది. ఎవరూ నంబరు వేయలేదు. మా అమ్మ ట్రంకు పెట్టె మూత లోపల అన్నం మెతుకులతో అంటించినది ఇంకా ఉంది. అంచులు పచ్చబడ్డాయి, కళ్లు మాత్రం అలాగే ఉన్నాయి.

అమలాపురం కుర్రాడు
ఆ ట్రంకు పెట్టె బొమ్మకి నేనూ దండం పెడతానండి. కానీ పత్రిక బొమ్మకి పత్రికవాళ్లు డబ్బిచ్చారు. గోడ మీద వేసినవాడికి ఎవరిస్తారు? తెల్లారేసరికి సున్నం కొట్టేస్తారు. ప్రింట్లే వాళ్ల తిండి. మీ కోపం మళ్లీ అమ్ముకునేవాళ్ల మీద ఉండాలి. గోడల మీద బొమ్మలేసే బ్రిటన్ కళాకారుడు బ్యాంక్సీ ప్రింట్ 'బెలూన్ అమ్మాయి' 2004లో సంతకంతో 150, సంతకం లేకుండా 600 వచ్చాయి. సంతకం ఉన్నవి తర్వాత వేలంలో లక్ష పౌండ్లు దాటాయి. ఆ పెరిగిన డబ్బులో ఎక్కువ భాగం మధ్యలో కొని అమ్మినవాళ్లదే.

కాకినాడ
ఇచ్చిన మాటైతే పూర్తిగా ఇవ్వాలి. 200 అని రాసినా, ఆర్టిస్ట్ ప్రూఫ్ పేరుతో లెక్కలో లేని కాపీలు ఇంకొన్ని ఉంటాయి. అదే బొమ్మని నీలం నేపథ్యంతో మార్చి మళ్లీ 100 తీసేవాళ్లూ ఉన్నారు. దానికన్నా ఒక రోజు గడువు పెట్టి, ఎంతమంది అడిగితే అన్నే కొట్టి, ఆ సంఖ్యే కింద రాయడం నయం. అలా చేసేవాళ్లూ ఉన్నారు.

అమలాపురం కుర్రాడు
రంగు మార్చి మళ్లీ తీయడం మాట తప్పడమే, ఒప్పుకుంటున్నాను. అలాంటివాళ్ల దగ్గర ఇక కొనను. గడువు పద్ధతి కూడా నచ్చింది. కానీ ముందే 200 అని చెప్పి 200 దగ్గర ఆపినవాణ్ణి తప్పుపట్టలేను.

తణుకు అన్నయ్య చెప్పినట్టు ప్రింట్‌ని కిటికీ దగ్గర పట్టుకుందామని ఫ్రేమ్ విప్పాను. నలుపు నిజంగానే ఎత్తుగా ఉంది, వేలికి తగులుతోంది. కానీ ఫ్రేమ్ కట్టినవాళ్లు వెనక మామూలు అట్ట పెట్టారు, అద్దం నేరుగా కాగితానికి ఆనించేశారు. కింది మూల ఆవగింజంత బూజు చుక్కలు రెండు! టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

తణుకు స్క్రీన్ షాపు
తడిగుడ్డ తగలనివ్వకు, ఎండలో పెట్టకు. ఫ్యాన్ గాలికి నీడలో ఆరనివ్వు. ఆమ్లం లేని అట్ట, అద్దానికీ కాగితానికీ మధ్య సందు ఉండేలా మౌంట్ కావాలి. తడి దిగే గోడకి అసలు వద్దు. ఆదివారం పట్టుకురా, చూద్దాం.

రాజమండ్రి
ఆదివారం నేనూ వస్తాను. 87వ నంబరు నాకూ చూడాలనుంది.