కెలిస్ లైర్: కింది తీగ వదులు, పై తీగలు నిలవడం లేదు

ప్రశ్న:
ప్రాచీన గ్రీకుల చిన్న లైర్ (మెట్లు లేని తీగ వాద్యం) అయిన కెలిస్‌కు నమూనా ఇది. తాబేటి డిప్పకు బదులు పనస చెక్క తొలిచిన గిన్నె, మీద మేకతోలు, 7 తీగలు. బ్రిడ్జి (తోలు మీద తీగలను ఎత్తి పట్టే చెక్క) నుంచి తీగల పై కొసలు చుట్టే అడ్డకర్రకు 45 సెం.మీ. అన్నీ 0.7 మి.మీ. పేగు తీగలే. 165 హెర్ట్జ్ నుంచి 330 దాకా శ్రుతి కావాలి. మంద్ర తీగ వదులుగా కొట్టుకుంటోంది. పై తీగలు బిగించిన కాసేపటికే దిగిపోతున్నాయి. అడ్డకర్రకు వార్నిష్ ఉంది, తీగలు తోలు చుట్ల మీద ఉన్నాయి. వీణకున్నట్టు బిరడలు పెట్టేయమంటారా?

జవాబు 1:
ముందు తీగల లావు సరిచేయండి. వీణకు మెట్లున్నాయి, ఒకే తీగ మీద అన్ని స్వరాలూ పలుకుతాయి. లైర్‌లో తీగకో స్వరం, పొడవులు దాదాపు ఒకటే. ఒకే లావు వేస్తే శ్రుతి రెట్టింపైన చోట బిగువు నాలుగింతలు: మీ మంద్ర తీగ మీద 1.1 కిలోలు, తార తీగ మీద 4.5. అన్నిటికీ 2 కిలోల బిగువు రావాలంటే 165కి 0.93 మి.మీ., 220కి 0.70, 330కి 0.47. మిగతావాటికి 154ను హెర్ట్జ్‌తో భాగించండి, మి.మీ. వచ్చేస్తుంది.

జవాబు 2:
బిరడలు వద్దండీ, కెలిస్ అందమే పోతుంది. గ్రీకులవి కొల్లొపెస్, అంటే ఎద్దు మెడ మందపాటి తోలు పట్టీలు. గ్రీకు కావ్యం ఒడిస్సీ 21వ సర్గలో విల్లుకు నారి ఎక్కించడాన్ని కొత్త కొల్లొప్‌కు తీగ చుట్టడంతోనే పోల్చారు. జారడానికి కారణం మీ వార్నిష్. గీకేసి 80 నంబరు గరుకు కాగితంతో రుద్దండి. పట్టీ గరుకు వైపు కర్రకు తగలాలి. తీగ కొస పట్టీ మీద ఉంచి, ఒక చుట్టు మీద మరొకటి ఎక్కేలా మూడు చుట్లు వేయండి. లాగే కొద్దీ తోలు కర్రను పట్టేస్తుంది. శ్రుతికి తీగతో సహా పట్టీనే తిప్పాలి. నూనె పెట్టిన మెత్తని తోలు పనికిరాదు. ఇంకా జారితే వయొలిన్ కమానుకు రాసే రోజిన్ పొడి చల్లండి. ఇథియోపియా లైర్ అయిన క్రార్‌కు గుడ్డ చుట్లతో ఇదే పద్ధతి.

జవాబు 3:
లావులు మార్చాక కూడా మొత్తం లాగుడు 14 కిలోలు, తోలును గమనించండి. వానాకాలపు తేమకు అది సాగి బ్రిడ్జి కుంగుతుంది, శ్రుతి దిగుతుంది, తీగలు తోలుకు తగిలి జుయ్యిమంటాయి. బ్రిడ్జిని తోలు నడిమధ్యన కాక కింది అంచు వైపు పెట్టండి. తీగలు ఒక్కొక్కటిగా మార్చండి, అన్నీ ఒకేసారి వదిలితే బ్రిడ్జి పడిపోతుంది. చెక్క గిన్నె ఎంచుకుని మంచి పని చేశారు. మన నక్షత్ర తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవి, దాని డిప్ప జోలికి ఎవరూ వెళ్లకూడదు. కొత్త పేగు తీగ మొదటి రోజుల్లో సాగుతూనే ఉంటుంది, ఒక స్వరం తగ్గించి ఉంచి, నిలిచాక పైకి తెండి.